గొంగడి బొచ్చుతో చేతి అల్లిక: నలుగురు కలిసి చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

ముందే చెప్పేస్తున్నా, ఇది మెత్తటి బేబీ స్వెటర్ల గైడ్ కాదు. మన తెలంగాణ మెట్ట భూముల్లో తిరిగే దక్కనీ గొర్రె బొచ్చుతో చేత్తో అల్లిన జాకెట్లు, సంచులు, టోపీలు చేయాలంటే కాపరి, ఏకేవాళ్ళు (చిక్కులు తీసి బొచ్చు విడదీసేవాళ్ళు), వడికేవాళ్ళు, అల్లేవాళ్ళు, డిజైన్ గీసేవాళ్ళు అందరూ ఎలా కలవాలి అనే దాని గురించి. మూడేళ్ళుగా ఆరుగురం కలిసి ఇదే పనిలో ఉన్నాం, మొదటి ఏడాది మొత్తం తప్పులే, ఆ తప్పులన్నీ ఒకే చోట నుంచి వచ్చాయి. ముందు డిజైన్ గీసుకుని తర్వాత దానికి సరిపడే ఉన్ని కోసం వెతికాం. రివర్సులో చేయాలి. ముందు బొచ్చు చేతిలోకి రావాలి, దాన్ని వడికించి చూడాలి, అది ఏమవుతానంటే అది చేయాలి.

మొదట షాపులో దొరికే ఊలు సంగతి. సుల్తాన్ బజార్లో అయినా మీ ఊళ్ళో ఫ్యాన్సీ షాపులో అయినా "ఊలు" అని అడిగితే ఇచ్చే ఉండల్లో ఎక్కువ భాగం యాక్రిలిక్, అంటే ప్లాస్టిక్ దారం. చిన్న ముక్క తీసి పటకారుతో పట్టుకుని కాల్చి చూడండి, కరిగి గట్టి పూసలా అయితే అది యాక్రిలిక్, వెంట్రుకలు కాలిన వాసన వచ్చి మంట దానంతట అదే ఆరిపోయి నలిపితే బూడిద అయిపోతే ఉన్ని. ఈ టెస్ట్ సింక్ దగ్గర చేయండి, కర్టెన్ పక్కన వద్దు. ఉతికిన ప్రతిసారీ యాక్రిలిక్ నుంచి సన్నటి ప్లాస్టిక్ పోగులు నీళ్ళలో కలుస్తాయి, అందుకే దానితో చేత్తో అల్లి "సస్టైనబుల్" అని స్టిక్కర్ వేస్తే నాకు నవ్వొస్తుంది.

ఇక మన ఉన్ని. దక్కనీ గొర్రె ఈ పీఠభూమి ఎండకి, రాళ్ళకి, తక్కువ మేతకి అలవాటు పడ్డ జాతి, ఎక్కువగా నలుపు, కొన్ని బూడిద, గోధుమ, తెలుపు కలిసినవి. ఒక్కోదాని నుంచి ఏడాదికి వచ్చే బొచ్చు అర కిలో అటూ ఇటూ, అదీ రెండు కత్తిరింపుల్లో కలిపి. ఈ బొచ్చునే కురుమల ఇళ్ళల్లో ఆడవాళ్ళు వడికి, మగవాళ్ళు గుంట మగ్గం మీద నేస్తే గొంగడి అయ్యేది. గద్దర్ భుజం మీద ఉండేది చూశాం కదా, అదే. వానలో కాపరి కొప్పెర వేసుకుంటే రెయిన్‌కోట్, రాత్రి పరుచుకుంటే పరుపు, కప్పుకుంటే దుప్పటి.

మరి బొచ్చుకి ఏమైంది అంటే, మాంసం రేటు పెరిగింది, ఉన్ని రేటు పడిపోయింది, కాపరులు దక్కనీ గొర్రెల్ని నెల్లూరు పొట్టేళ్ళతో జతకట్టించడం మొదలుపెట్టారు. నెల్లూరు గొర్రె ఎత్తుగా బాగా మాంసం పడుతుంది కానీ దాని ఒంటి మీద ఉండేవి ఉత్త వెంట్రుకలు, ఉన్ని కాదు. 2017లో మొదలైన గొర్రెల పంపిణీలో 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, 1 పొట్టేలు చొప్పున ఇచ్చినప్పుడు కూడా జీవాల్ని బయటి రాష్ట్రాల నుంచే కొనుక్కొచ్చారు, దక్కనీ కోసం ఎవరూ ప్రత్యేకంగా వెతకలేదు. ఇప్పుడు చాలా ఊళ్ళల్లో బొచ్చు కత్తిరించేవాళ్ళకి ఇచ్చే కూలి కూడా అమ్మితే రాదు, అందుకని కత్తిరించి పారబోస్తారు. మీకు పనికొచ్చే విషయం ఇదే. ముడిసరుకు చెత్తలో ఉంది. అలాగని ఫ్రీగా తీసుకోకండి, దాని గురించి కింద చెప్తా.

ముందు మందని వెతకండి. కురుమ, గొల్ల కుటుంబాలు ఉన్న ఊరికి వెళ్ళి పెద్దవాళ్ళతో కూర్చోండి, "నల్ల గొర్లు ఇంకా ఎవరికున్నయి" అని అడిగితే చాలు, దక్కనీ అంటే కొందరికి తెలియకపోవచ్చు, నల్ల గొర్రె అంటే అందరికీ తెలుసు. కత్తిరింపు ఏడాదికి రెండుసార్లు ఉంటుంది, ఏ నెలలో అనేది ఊరిని బట్టి, మంద ఎక్కడ తిరుగుతుంది అనేదాన్ని బట్టి మారుతుంది, కాబట్టి ఆ కుటుంబాన్నే అడిగి క్యాలెండర్లో రాసుకోండి, మీ మొత్తం ప్లాన్ ఆ రెండు తేదీల చుట్టూ తిరగాలి. మేం మొదటిసారి కత్తిరింపు అయిపోయిన మూడు వారాలకి వెళ్ళాం, బొచ్చంతా ఒకే గోనె సంచిలో నలుపు తెలుపు పేడ పల్లేరుకాయలు అన్నీ కలిపి తొక్కి పెట్టి ఉంది, దాన్ని వేరు చేయడానికి నలుగురికి రెండు రోజులు పట్టింది.

అందుకని కత్తిరింపు రోజు మీరు అక్కడ ఉండండి. నాలుగు సంచులు తీసుకెళ్ళండి: నలుపు ఒకటి, బూడిద-గోధుమ ఒకటి, తెలుపు ఒకటి, పిల్లల మొదటి కత్తిరింపు బొచ్చుకి ఒకటి. ఈ నాలుగోది బంగారం, పిల్లల మొదటి బొచ్చు మిగతాదానికన్నా మెత్తగా ఉంటుంది, మెడకి తగిలే చోట అదే వాడాలి. పొట్ట కింద, తోక దగ్గరది పక్కన పెట్టేయండి, చెట్ల పాదుల్లో వేస్తే నేల తడి నిలుస్తుంది. కత్తిరించే ముందు గొర్రెల్ని చెరువులోనో వాగులోనో కడిగించగలిగితే సగం దుమ్ము అక్కడే పోతుంది, ఆ రోజు కూలి మీరు ఇవ్వండి.

కడగడం ఇంటి దగ్గరైనా చేసుకోవచ్చు. మాస్క్, గ్లౌజులు తప్పనిసరి, దుమ్ము మామూలుగా ఉండదు. గోరువెచ్చని నీళ్ళలో కుంకుడుకాయ రసం వేసి, బొచ్చుని అందులో ముంచి వదిలేయండి, పిసకొద్దు తిప్పొద్దు, ఉన్నిని వేడి నీళ్ళలో పిసికితే ముద్ద కట్టేస్తుంది. అరగంట తర్వాత తీసి అదే వేడి ఉన్న ఇంకో నీళ్ళలో పెట్టండి, వేడి నుంచి ఒక్కసారిగా చల్లటి నీళ్ళలోకి మార్చొద్దు. మూడు నాలుగు నీళ్ళు పడుతుంది. నీడలో ఆరేయండి. మా లెక్కలో 10 కిలోల ముడి బొచ్చు కడిగి చెత్త ఏరితే ఆరున్నర కిలోలు అయింది, ఏకి వడికేసరికి 5 కిలోల దారం చేతికొచ్చింది. అంటే సగం. ఈ సగం లెక్క గుర్తుపెట్టుకోండి, రేటు కట్టేటప్పుడు అందరూ ఇక్కడే బోల్తా పడతారు.

ఇప్పుడు అసలైన చోటు, వడకడం. అల్లేవాళ్ళు సిటీలో బోలెడు మంది దొరుకుతారు, రిటైరైన టీచర్లు, బొల్లారం వైపు ఆర్మీ కుటుంబాల దగ్గర సీదా-ఉల్టా (సూదుల అల్లికలో ఉండే రెండు రకాల కుట్లు) నేర్చుకున్న ఆంటీలు, యూట్యూబ్ చూసి నేర్చుకున్న కాలేజీ పిల్లలు. డిజైనర్లకి అసలు కొదవే లేదు. గొర్రె బొచ్చు వడకడం వచ్చిన చేతులు మాత్రం వేళ్ళ మీద లెక్క, అందరూ అరవై దాటినవాళ్ళే. మా గుంపులో ఉన్న పెద్దమ్మ రోజుకి పావు కిలో వడుకుతుంది, అదీ మోకాళ్ళు సహకరిస్తే. 5 కిలోలంటే 20 రోజులు. మీరు ఎన్ని ఆర్డర్లు తీసుకోవచ్చు అనేది మీ ఇన్‌స్టా ఫాలోవర్లు కాదు, ఆ పెద్దమ్మ మోకాళ్ళు చెప్తాయి.

ఆమెతో మొదటి రోజు జరిగింది చెప్తా. నేను ఫోన్లో ఫొటోలు చూపించి మెడకి చుట్టుకునే మఫ్లర్లు చేద్దాం అన్నా. ఆమె చూసి నవ్వి, "గిది మెడకు కాదు బిడ్డా, గిది వానకు" అంది. నేను వినలేదు. ఆరు మఫ్లర్లు అల్లించాం, వేసుకున్న ప్రతి ఒక్కరూ పది నిమిషాల్లో తీసేసి మెడ గోక్కున్నారు. తర్వాత చదివితే అర్థమైంది, పోగు మందం 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) దాటితే ఒంటికి గుచ్చుకుంటుంది, మెత్తటి ఉన్నికి పేరున్న మెరినో గొర్రెది అయితే 24 లోపు ఉంటుంది, మన దక్కనీ 40 పైనే. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు ఈ బొచ్చుని మెత్తగా చేయడానికి షాంపూలు కండిషనర్లు అని నెలలు తగలెయ్యకండి, కాస్త నునుపు వస్తుంది కానీ పోగు మందం మారదు.

కాబట్టి ఒంటికి నేరుగా తగలనివి చేయండి. చొక్కా మీద వేసుకునే చేతుల్లేని జాకెట్, భుజం సంచి, లాప్‌టాప్ కవర్, ఇంట్లో వేసుకునే చెప్పుల పైభాగం, కాళ్ళ కింద చాప, లోపల నూలు గుడ్డ వేసి కుట్టిన టోపీ. లోపలి గుడ్డకి కొత్తది కొనక్కర్లేదు, పాత నేత చీర అయితే మెత్తగా ఉంటుంది, చూడ్డానికీ బాగుంటుంది. హైదరాబాద్‌లో చలి రెండు నెలలే అని మీరు అనొచ్చు, నిజమే, అందుకే సంచులు చాపలు ఏడాదంతా పోతాయి, జాకెట్లు ఆదిలాబాద్ వైపు, లంబసింగి అరకు తిరిగేవాళ్ళు, అమెరికాలో మంచు ఊళ్ళల్లో ఉండే మనవాళ్ళు కొంటారు. అక్కడివాళ్ళు కొనేది చలి కోసం ఒక్కటే కాదు, తాత గొంగడి వాసన గుర్తొచ్చింది అని ఒకావిడ మెసేజ్ పెట్టింది.

వడికేవాళ్ళతో మాట్లాడాల్సిన రెండు విషయాలు ఉన్నాయి, ఇవి ముందే చెప్పకపోతే దారం మొత్తం వేస్ట్. ఒకటి పురి, అంటే దారానికి వేసే మెలిక. గొంగడి నేతకి ఒంటి పోగుని గట్టి పురితో వడుకుతారు, మగ్గం మీద తెగకూడదు కదా. అదే ఒంటి పోగుతో సూదుల మీద అల్లితే బట్ట ఒక పక్కకి వాలిపోతుంది, చతురస్రంగా మొదలుపెట్టింది ఐమూలగా తయారవుతుంది, ఎంత ఇస్త్రీ చేసినా ఉతకగానే మళ్ళీ వాలుతుంది. పరిష్కారం ఏంటంటే పురి కొంచెం తగ్గించి వడికి, రెండు పోగుల్ని కలిపి వాటిని ఉల్టా దిక్కులో పురి వేయాలి. అంత ఓపిక లేకపోతే ఒంటి పోగుతోనే కానీ ప్రతి వరసా సీదానే, లేదా ఒకే వరసలో ఒక కుట్టు సీదా ఒక కుట్టు ఉల్టా మార్చి మార్చి అల్లండి, వాలు చాలావరకు కనపడదు. దారం సరిపోయిందో లేదో చూడ్డానికి ఒక మూర దారం మధ్యలో మడిచి వదిలేయండి, అది తాడులా చుట్టుకుపోతే పురి ఎక్కువ ఉన్నట్టు, పెద్దగా చుట్టుకోకుండా వేలాడితే అల్లొచ్చు.

రెండోది గంజి. గొంగడి నేసేముందు పడుగుకి (మగ్గం మీద నిలువు పోగులకి) చింతగింజల గంజి పట్టిస్తారు, అలవాటుగా మాకు మొదటి విడత దారం కూడా గంజి పెట్టి పంపారు, సూదుల మీద కట్టెపుల్లలా నిలబడింది. తప్పు వాళ్ళది కాదు, నేను చెప్పలేదు. నానబెట్టి ఉతికితే పోయింది కానీ వారం పోయింది. "అల్లడానికి, మగ్గానికి కాదు, గంజి వద్దు" అని చెప్పడం కన్నా అల్లిన ముక్క ఒకటి వాళ్ళ చేతిలో పెట్టండి, అదే అర్థమవుతుంది.

అల్లేవాళ్ళకి చెప్పాల్సింది శాంపిల్ ముక్క గురించి, దీనికి అందరూ బద్ధకిస్తారు నాతో సహా. 6 లేదా 7 మిల్లీమీటర్ల వెదురు సూదులతో కనీసం 15 సెంటీమీటర్ల ముక్క అల్లి, ఉతికి ఆరబెట్టి, అప్పుడు మధ్యలో 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు ఉన్నాయో లెక్కపెట్టాలి. ఉతక్కముందు 11 కుట్లు ఉన్నాయనుకోండి, 100 సెంటీమీటర్ల ఛాతీకి 110 కుట్లు ఎక్కిస్తారు, ఉతికాక అది 12 కుట్లు అయితే మీ జాకెట్ 92 సెంటీమీటర్లకి దిగిపోతుంది. 8 సెంటీమీటర్లు పోయినట్టే, ఎవరికో చిన్న తమ్ముడికి ఇచ్చుకోవాలి. చేతి దారం కాబట్టి ఉండ ఉండకీ మందం మారుతుంది, అందుకని రెండు ఉండలు పక్కన పెట్టుకుని రెండు వరసలకొకసారి మార్చుకుంటూ అల్లండి, మందం తేడా ఒకే చోట పట్టీలా పడకుండా కలిసిపోతుంది.

రంగు గురించి తొందరగా చెప్పేస్తా. నల్ల బొచ్చు మీద ఏ రంగూ ఎక్కదు, దాని మీద ప్రయోగాలు మానేయండి. తెలుపు, లేత బూడిద మీద దానిమ్మ తొక్కలు, ఉల్లి పొట్టు, మోదుగ పూలు బాగా పట్టాయి మాకు. ముందు ఉన్ని బరువులో పదో వంతు పటిక నీళ్ళలో నెమ్మదిగా వేడి చేసి, ఉడుకు రానివ్వకుండా గంట ఉంచి, ఆ నీళ్ళలోనే చల్లారనివ్వాలి, తర్వాత రంగు నీళ్ళలో అదే పద్ధతి. వంటింటి పసుపుతో రంగు వద్దు, ఎంత బాగున్నా ఎండకి వెలిసిపోతుంది. నా టేస్ట్ అడిగితే రంగులే వద్దు, నలుపు బూడిద గోధుమ మూడూ పట్టీలుగా వేస్తే దాన్ని మించింది లేదు.

ఇక డబ్బులు, ఇక్కడే స్నేహాలు పాడవుతాయి కాబట్టి కొంచెం నిదానంగా చదవండి. మా లెక్క ఒకటి పెడుతున్నా, మీ ఊరి కూలీ రేట్లు వేసుకుని మార్చుకోండి. 700 గ్రాముల జాకెట్‌కి 1.4 కిలోల ముడి బొచ్చు, కిలో 60 చొప్పున 90 రూపాయలు లోపు. కడగడం ఏకడం 200. వడకడం పురి వేయడం 3 రోజులు, రోజుకి 500, మొత్తం 1,500. అల్లడం 30 గంటలు, గంటకి 80, అంటే 2,400. లోపలి గుడ్డ, గుండీలు 250. శాంపిల్స్, పాడైపోయినవి వాటి వాటా 400. రవాణా 150. ఇదంతా కలిపితే దాదాపు 5,000, దాని మీద అమ్మేవాళ్ళ వాటా కలిపితే 6,000. ఈ రేటుకి ఎవరు కొంటారు అని అడుగుతారు, తక్కువ మందే కొంటారు, మనం చేయగలిగేవి కూడా తక్కువే కదా, సరిపోతుంది. రేటు తగ్గించాలంటే వస్తువు చిన్నది చేయండి, సంచి చేయండి, వడికే కూలి కొయ్యకండి.

కిలో 60 అనేది బయట ఇచ్చేదానికన్నా ఎక్కువే, కావాలనే ఇచ్చాం. పారబోసేదానికి డబ్బులెందుకు అని మాలోనే ఒకరు గొడవ పెట్టుకున్నారు. కాపరికి నల్ల గొర్రెని ఉంచుకోవడానికి ఒక కారణం కనపడాలి, లేకపోతే రెండేళ్ళలో మంద మొత్తం నెల్లూరు పొట్టేలు పిల్లలతో నిండిపోతుంది, మనం సూదులు పట్టుకుని కూర్చుంటాం.

అల్లేవాళ్ళకి ముక్కకి ఇంత అని కాకుండా గంటల లెక్కన కూలి ఇవ్వండి, ఎందుకో తెలియాలంటే మన దగ్గరే నరసాపురం లేసు ఉంది. అక్కడి ఆడవాళ్ళు తరతరాలుగా క్రోషే అల్లుతూనే ఉన్నారు, లేసు విదేశాలకి పోయింది, మధ్యలో ఏజెంట్లు బాగుపడ్డారు, అల్లినవాళ్ళని మాత్రం "ఇంట్లో ఖాళీగా ఉండి ఏదో చేసుకుంటారు" అన్నారు. ముక్క రేటు పెట్టగానే శాంపిల్ విప్పి మళ్ళీ అల్లిన గంటలు ఎవరి ఖాతాలోనూ పడవు. ఫోన్లో టైమర్ పెట్టుకుని మొదటి మూడు పీసులు చేయించండి, దాని సగటు చూసి తర్వాత రేటు అందరూ కూర్చుని అనుకోండి.

కాగితం మీద రాసుకోండి, తెలుగులో, ఒక పేజీ చాలు. బొచ్చు ఎప్పుడు ఎంత, అడ్వాన్స్ ఎంత (మేం సగం ముందే ఇస్తాం, వడికేవాళ్ళకైతే వారం వారం), డిజైన్ ఎవరిది, ఫొటో ఎవరు వాడుకోవచ్చు, ఎవరి పేరు ట్యాగ్ మీద పడాలి, పీసు వెనక్కొస్తే నష్టం ఎవరిది. ఈ చివరిది మేం రాసుకోలేదు, ఒక బొటీక్ 14 సంచులు తీసుకుని నాలుగు నెలల తర్వాత 11 వెనక్కి పంపింది, వాటిల్లో రెండు పురుగు పట్టి ఉన్నాయి, ఆ డబ్బులు ఎవరు పెట్టుకోవాలి అని మేం నెల రోజులు మాట్లాడుకోలేదు. కాపరి పేరు, వడికినావిడ పేరు ట్యాగ్ మీద వేసేముందు వాళ్ళని అడగండి. మా పెద్దమ్మ వద్దంది, ఊరి పేరు వెయ్యమంది, అదే వేశాం.

పురుగు అన్నాం కాబట్టి, ఉన్నిని ప్లాస్టిక్ కవర్లో చెమ్మతో కట్టిపెట్టొద్దు. నూలు సంచిలో ఎండిన వేపాకుతో పెట్టి నెలకొకసారి ఎండలో దులపండి, కొనేవాళ్ళకి కూడా ఇదే చీటీ రాసి ఇవ్వండి, ఉతకాలంటే చల్లటి నీళ్ళు, కుంకుడుకాయ, మిషన్ వద్దు, తాడు మీద వేలాడదీయకుండా పరిచి ఆరేయాలి అని. చిరిగితే పంపండి బాగు చేసిస్తాం అని కూడా రాస్తాం, అందుకోసం ప్రతి విడత దారంలో ఒక చిన్న ఉండ దాచిపెడతాం.

ఒక మనిషికి మాత్రం అందరికీ ఫోన్లు చేసే పని అప్పజెప్పండి, ఆ పనికి కూడా డబ్బులివ్వండి. మా దగ్గర మొదటి ఏడాది అందరూ చేస్తారులే అనుకున్నాం, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. కాపరికి వాట్సాప్ మెసేజ్ పెట్టి చూడలేదేంటి అనుకోవద్దు, మంద వెంట ఉంటాడు, సిగ్నల్ ఉండదు, చీకటి పడ్డాక కాల్ చేయండి.

ఇంకొకటి, వడకడం నేర్చుకునేవాళ్ళని ఇప్పుడే వెతకండి. పెద్దమ్మ దగ్గర ఈ ఏడాది ఇద్దరు కూర్చుంటున్నారు, ఆమె మనవరాలు, మా గుంపులో అల్లే ఒకావిడ, నేర్పినందుకు పెద్దమ్మకి కూలి విడిగా, నేర్చుకునే రోజులకి వీళ్ళకి కూడా సగం కూలి. మొదటి నెల దారం తాడులా వచ్చింది, పారేయలేదు, దానితో కాళ్ళ చాపలు అల్లాం, అవే ముందు అమ్ముడుపోయాయి. వచ్చే కత్తిరింపుకి పిల్లల బొచ్చు విడిగా పెట్టమని చెప్పొచ్చాం, సంచి మీద సున్నంతో గుర్తు కూడా పెట్టి దొడ్డి గోడకి తగిలించి వచ్చా.